రూమ్ కార్డు

నేను రిటైరైన రోజున ఆఫీసులో శాలువా కప్పి, సమోసాలు పెట్టి, "సార్ చేతుల మీదుగా ఎన్నో వేలమంది పిల్లలు జీవితంలో మొదటి క్రెడిట్ కార్డు అందుకున్నారు" అని పొగిడారు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక నవ్వి ఊరుకున్నాను. ఆ వేలమందిలో నాకు ముఖం గుర్తున్నది ఒక్క అమ్మాయిదే. కార్డుల విభాగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈమధ్య ఎక్కడ కనిపించినా నన్ను సలహాలు అడుగుతున్నారు. సలహాలు నా దగ్గర పెద్దగా లేవు. ఆ అమ్మాయి సంగతి ఉంది, అది చెబుతాను.

మాది ఒంగోలు వైపు. ఉద్యోగం పేరుతో ఢిల్లీ వచ్చి ద్వారకలో పాతుకుపోయాను. రోజూ మెట్రోలో ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్లి, యమున దాటి నోయిడాలో దిగేవాణ్ణి. పని ఒక ప్రైవేటు బ్యాంకు కార్డుల విభాగంలో. ఉద్యోగంలో సగం కాలం వసూళ్లలోనే గడిచింది. అంటే బాకీ కట్టనివాళ్లకు ఫోన్లు చేయడం, చేయించడం, చీవాట్లు పెట్టడం, తినడం. ఆ పని కొన్నేళ్లు చేస్తే మనుషుల మీద నమ్మకం పోతుంది. ఎవరైనా "తప్పకుండా కడతాను సార్" అన్నారంటే, వీడు ఏ ఊరు పారిపోబోతున్నాడా అని మనసులో ఒక లెక్క నడుస్తుంది. మా ఆవిడ అంటూ ఉండేది, కూరగాయల బండి భయ్యాని కూడా నేను బాకీదారుణ్ణి చూసినట్టే చూస్తానని.

చివరి కొన్నేళ్లకు నన్ను లిమిట్ల డెస్కుకు మార్చారు. అంతవరకు ఏ బ్యాంకులోనూ అప్పు తీసుకోని పిల్లలకు, మొదటి ఉద్యోగంలో చేరిన పిల్లలకు, ముందు చిన్న లిమిట్‌తో కార్డు ఇస్తారు. కొన్నాళ్లు వాడుకుని సక్రమంగా కడితే లిమిట్ పెంచుతారు. ఎవరికి పెంచాలో కంప్యూటర్ చెబుతుంది. వాళ్ల ఫోనుకు "అభినందనలు" అంటూ సందేశం వెళ్తుంది, సమ్మతమేనని వాళ్లు ఒక బటన్ నొక్కుతారు. మా కాలంలో అప్పు పుట్టాలంటే నలుగురి కాళ్లు పట్టుకోవలసి వచ్చేది, ఈ పిల్లలకు అప్పే ఎదురొచ్చి పలకరిస్తుంది. కంప్యూటర్ ఎంచిన ఖాతాల్లో ఏదైనా తేడాగా కనిపిస్తే ఆపి చూడటం నా పని. తేడా అంటే ఏమిటో మాత్రం నాకెవరూ చెప్పలేదు.

మా మేనేజరు మీరట్ కుర్రాడు, నాకంటే చాలా చిన్నవాడు. మంచివాడే. నన్ను అంకుల్‌జీ అనేవాడు, పండగలకు ఇంటికి మిఠాయి పంపేవాడు. కంప్యూటర్‌కు ఆ లెక్కలన్నీ నేర్పింది ఇంకో అమ్మాయి. ఆమె తల్లిదండ్రులు విజయవాడ నుంచి వచ్చినవాళ్లు, ఆమె ఢిల్లీలోనే పుట్టింది. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేది. మేమిద్దరం అలాగే ఏళ్ల తరబడి మాట్లాడుకున్నాం, ఇబ్బంది ఏమీ రాలేదు.

ఇక అసలు అమ్మాయి. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక రీడింగ్ రూమ్ కౌంటర్‌లో పనిచేసేది. సివిల్స్‌కు చదివే పిల్లలకు కుర్చీలు కేటాయించడం, నెల రుసుము తీసుకోవడం, ఏసీ పనిచేయకపోతే తిట్లు తినడం ఆమె ఉద్యోగం. జీతం అంతంతమాత్రం. కానీ మా కంప్యూటర్‌కు ఆమె అంటే ప్రాణం. కార్డు బాగా వాడుతుంది, గడువు రాకముందే పైసాతో సహా కడుతుంది. అలా ఒకసారి పెంచారు, మళ్లీ పెంచారు, మళ్లీ పెంచారు. ఆ లిమిట్ ఆమె జీతం ఎన్నో నెలలు కూడబెట్టినా అందనంత ఎత్తుకు పోయింది. మా మేనేజరు తన ప్రజెంటేషన్లలో పేరు చెప్పకుండా ఆమెనే ఉదాహరణగా చూపించేవాడు. "దేఖో, యే హై న్యూ ఇండియా" అనేవాడు.

నాకు మాత్రం ఆ ఖాతా కంట్లో నలుసులా ఉండేది. ఆమె ఒకే నెలలో రెండు కోచింగ్ సంస్థలకు ఫీజు కట్టింది. రెండు చోట్ల మెస్ కూడా. ఒక్క మనిషి రెండు చోట్ల చదివి, రెండు చోట్ల ఎలా తింటుంది?

ఇంతలో మేనేజరుకు ఆమె మీద చిన్న వీడియో తీయించి ప్రచారానికి వాడాలని బుద్ధి పుట్టింది. ఫోన్ చేస్తే ఆమె హిందీలో ముక్తసరిగా మాట్లాడి పెట్టేస్తోందట. "తెలుగు అమ్మాయే, మీరు వెళ్లి ఒప్పించండి అంకుల్‌జీ" అన్నాడు. నాకూ అదే కావాలి కనుక సరేనని వెళ్లాను.

ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో రీడింగ్ రూమ్. లోపల పిల్లలు తలలు వంచుకుని చదువుతున్నారు. కౌంటర్ వెనక సన్నగా, చురుగ్గా ఉన్న అమ్మాయి. ఫలానా బ్యాంకు నుంచి వచ్చానని తెలుగులో చెప్పగానే ముఖం వెలిగింది. వాళ్లది మహబూబాబాద్ దగ్గర పల్లె. కుర్చీ వేసి, కింద నుంచి చాయ్ తెప్పించింది. వీడియో సంగతి చెబితే పకపకా నవ్వింది.

"వద్దు సార్. మా ఓనర్ జూస్తే, గంత లిమిట్ ఉన్నదానికి జీతం పెంచుడెందుకు అంటడు."

నేనూ నవ్వి, మెల్లగా అసలు సంగతిలోకి దిగాను. "రెండు కోచింగులు నీకెందుకమ్మా?"

"నాకు గాదు సార్. గది నా కార్డు గాదు, రూమ్ కార్డు."

ఆమె దాపరికం లేకుండా, కాస్త గర్వంగానే చెప్పింది. ఒకే గదిలో నలుగురు అమ్మాయిలు. నలుగురూ సివిల్స్‌కు చదవడానికి వచ్చినవాళ్లే. ఈమె ఒకసారి రాసి, ఇంటి నుంచి డబ్బు రావడం కష్టమై, మానేసి ఈ ఉద్యోగంలో చేరింది. జీతం చిట్టీ ఉన్నది ఈమె ఒక్కదానికే కనుక కార్డు వచ్చిందీ ఈమె ఒక్కదానికే. మిగతా ముగ్గురి ఫీజులు, పుస్తకాలు, గది అడ్వాన్సు అన్నీ దాని మీదే. ఫీజు మొత్తం ఒకేసారి కడితే సంస్థ తగ్గిస్తుంది. ఆ తగ్గింపు కోసం కార్డు వాడతారు, తర్వాత ఎవరి వాటా వాళ్లు ఈమె ఫోనుకు పంపుతారు. వచ్చిన వెంటనే ఈమె బ్యాంకుకు కట్టేస్తుంది. ఆ వీధిలో చాలా గదుల్లో ఇలాంటి కార్డు ఒకటి ఉంటుందట.

మా కంప్యూటర్ మురిసిపోయిన ఆదర్శ వినియోగదారు ఒక మనిషి కాదు, నలుగురు. ఇంత చిన్న సంగతి మా గాజు భవనంలో ఎవరికీ తట్టలేదు.

నేను ఊరుకోలేదు, చెప్పాను. "బాకీ నీ ఒక్కదాని పేరు మీద ఉంటుందమ్మా. రేపు వాళ్లలో ఒకరు పరీక్ష తప్పి ఊరెళ్లిపోతే నువ్వేం చేస్తావు?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "గట్లెందుకు పోతరు సార్? ఒక్క కంచంల తిన్నోళ్లం. మీకు మనుషుల మీద నమ్మకం లేనట్టుంది."

"నా ఉద్యోగమే అది తల్లీ."

"గదేం ఉద్యోగం సార్!" అని మళ్లీ నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, తను కూడా చదువుతానని, బీఎడ్‌కు రాస్తున్నానని చెప్పింది. టీచరు కావాలని కోరిక. "వీళ్లందరికి సీట్లు జూపిచ్చుడే అయితుంది. నాకూ ఒక సీటు గావాలె గదా" అంది. నా ఫోన్ నంబరు ఇచ్చి, అవసరమైతే ఫోన్ చెయ్యమని చెప్పి దిగి వచ్చాను.

ఆఫీసుకు వచ్చి ఉన్నది ఉన్నట్టు నోట్ రాశాను. కోచింగ్ వీధుల్లో ఇలాంటి ఖాతాలు ఉన్నాయి. ఒకరి పేరున నలుగురు వాడుతున్నారు. కార్డున్నవాళ్ల జీతానికి ఈ లిమిట్లు ఎక్కువ. ఒక్కరు వెళ్లిపోయినా మిగతా బరువంతా ఆ ఒక్క పిల్ల మీద పడుతుంది. కనుక ఇకముందు పెంచకండి, ఆ పిల్లలతో ఒకసారి మాట్లాడండి. ఇంతే రాశాను. మేనేజరు చదివి, "పేమెంట్ ఆ రహా హై న అంకుల్‌జీ? ఫిర్ ప్రాబ్లమ్ క్యా హై?" అని సొరుగులో పడేశాడు. డబ్బు వస్తున్నంతకాలం వాళ్లకు ఏ సమస్యా కనిపించదు.

కొన్ని నెలలకు గాలి మారింది. కుర్రకారు అప్పులు ఎక్కువయ్యాయని పైవాళ్లకు హఠాత్తుగా భయం పట్టుకుంది. మన దగ్గర ప్రమాదం ఎక్కడుందో వెంటనే చెప్పమన్నారు. మేనేజరు సొరుగు తెరిచాడు. నా నోట్‌కు ఒక్క రోజులో ఎక్కడ లేని గౌరవం వచ్చింది. మీటింగు పెట్టారు. అలాంటి ఖాతాలన్నిటి లిమిట్లు కొయ్యాలని తీర్మానం.

"నేను పెంచొద్దన్నాను. కొయ్యమనలేదు" అన్నాను.

"లిఖా తో ఆప్ హీ నే థా" అన్నాడు మేనేజరు, రాసింది మీరే కదా అని, మర్యాదగానే.

ఎలా కొయ్యాలన్నది ప్రశ్న. ఎవరు ఎంత బాకీ ఉన్నారో అంత వరకు లిమిట్ ఉంచాలి, అంతకు మించింది తీసేయాలి. ఏ బాకీ లేకపోతే మొదట ఇచ్చిన చిన్న లిమిట్‌కు దించాలి. లెక్కల అమ్మాయి చెయ్యెత్తింది. అలాగైతే అంతా కట్టేసినవాళ్లకే కదా ఎక్కువ కోత పడేది, అని హిందీలో అడిగింది. బాకీ లేదంటే వాళ్లకు అవసరం లేదనే కదా, అన్నాడు మేనేజరు. అందరూ తలూపారు. పిల్లలకు ముందుగా చెబుదామని నేనన్నాను. చెబితే ఆ లోపల మొత్తం వాడేసుకుంటారు, కోసిన రోజునే సందేశం పంపుదామన్నారు. దానికీ తలూపారు. ఆ గదిలో దుర్మార్గుడెవరూ లేడు. భోజనానికి ఆలస్యమవుతోందని తొందరలో ఉన్నారు, అంతే.

కోత పడిన రోజు మధ్యాహ్నం నా ఫోన్ మోగింది.

"సార్, నేను... రీడింగ్ రూమ్‌ల ఉంట. యాదికున్ననా?"

గొంతు వెనక జనం గోల వినిపిస్తోంది. గ్రేటర్ నోయిడాలో ఒక కాలేజీలో ఉన్నానంది. ఆఖరి విడతలో బీఎడ్ సీటు వచ్చిందట. ఆ సాయంత్రం కౌంటర్ మూసేలోగా ఫీజు కట్టాలి, లేకపోతే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. ఫీజు పెద్దది. కార్డు మీద కట్టి వాయిదాలు చేసుకుందామని నలుగురూ అనుకున్నారు. కానీ కార్డు మీద అప్పటికే ముగ్గురి కోచింగ్ ఫీజులు ఉన్నాయి. బిల్లు గడువు ఇంకా దూరంగానే ఉంది. అయినా ఈమె కోసం ముగ్గురూ తమ వాటాలు ముందే తెచ్చి ఇచ్చారు. ఒకమ్మాయి తన ల్యాప్‌టాప్ అమ్మింది. ఒకమ్మాయి వాళ్లమ్మతో ఎవరి దగ్గరో చేబదులు తీయించింది. మూడో అమ్మాయి మెస్‌కు ఉంచుకున్న డబ్బు తీసిచ్చింది. అంతా కలిపి ముందు రోజే బ్యాంకుకు కట్టేశారు, కార్డు మొత్తం ఖాళీ అవుతుందని, లిమిట్ అంతా తనకు దొరుకుతుందని.

"నిన్ననే కట్టినం సార్. ఒక్క రూపాయి బాకీ లేదు. ఇక్కడ కార్డు వెడితే నడుస్తలేదు. మీ మెసేజ్ ఒకటొచ్చింది, నా మంచి కోసం లిమిట్ సవరించిన్రంట. బాకీ లేకుంటే మంచిగ నడవాలె గదా సార్?"

బాకీ లేదు కాబట్టే ఆగిపోయిందని ఎలా చెప్పేది? అయినా చెప్పాను.

"అయితే మా పైసలు మాకు వాపస్ ఇయ్యండి సార్. గవ్వే ఇక్కడ కడత."

"అవి బాకీ కింద జమైపోయాయమ్మా. తిరిగి రావు."

"గడువు రానేలేదు గదా సార్. మేమే ముందుగాల తెచ్చిచ్చినం."

సాయంత్రంలోగా ఏదో ఒకటి చేస్తాను, అక్కడే ఉండమని చెప్పి పరుగెత్తాను. ఆ వయసులో అలా పరుగెత్తడం మా ఫ్లోర్‌లో ఎవరూ చూడలేదు. ఒక్క ఖాతాకు లిమిట్ తిరిగి ఇవ్వాలంటే ఇద్దరి అనుమతి కావాలి. మేనేజరు ముంబయి వాళ్లతో వీడియో మీటింగులో ఉన్నాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి చెవిలో చెప్పాను. పాపం, వెంటనే ఒప్పుకున్నాడు. రెండో ఆయన దొరికేసరికి మరికొంత పొద్దు పోయింది. అన్నీ అయ్యాక లెక్కల అమ్మాయి తెర చూసి తల పట్టుకుంది. "అంకుల్, సిస్టమ్ తో శామ్ కో హీ అప్‌డేట్ హోగా." సాయంత్రం దాకా, అంటే కాలేజీ కౌంటర్ మూసేసేదాకా, ఆ అనుమతి కాగితం మీదే ఉంటుందని అర్థం. కోత మాత్రం పొద్దున్నే పడింది.

మళ్లీ ఫోన్ చేశాను. "అమ్మా, ఆ ఫీజు నేను పంపుతాను. నీ ఖాతా నంబరు చెప్పు." కస్టమర్‌కు సొంత డబ్బు ఇస్తే మా బ్యాంకులో ఉద్యోగం పోతుంది. ఆ క్షణాన నాకది లెక్క లేదు.

"మీరెందుకిస్తరు సార్?"

"తర్వాత తీరుద్దువులే."

"వద్దు సార్. వాళ్ల ముగ్గురివి పాయె. ల్యాప్‌టాప్ గూడ పాయె. ఇంక ఇంకొకళ్ల పైసలు నా మీద వద్దు. నాకు భయమైతుంది."

"భయపడకమ్మా, సీటు పోతుంది."

"భయమైతుంది సార్" అని మళ్లీ అదే మాట అంది. నన్ను చూసి మనుషుల మీద నమ్మకం లేదని నవ్విన పిల్ల ఆమే. నేను ఎంత బతిమాలినా నంబరు చెప్పలేదు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోన్ తియ్యలేదు. కౌంటర్ మూసే దాకా ఆమె అక్కడే నిలబడి ఉందని, ఆమె సీటు వెనక ఉన్న అమ్మాయికి ఇచ్చారని తర్వాత తెలిసింది.

సాయంత్రం సిస్టమ్ మారింది. లిమిట్ తిరిగి పెరిగింది కనుక దానంతట అదే ఆమెకు "అభినందనలు" అని సందేశం పంపింది. అప్పటికి ఆమె తిరుగు బస్సులో ఉండి ఉంటుంది. ఆ సందేశాన్ని ఆపడం ఎలాగో మాలో ఎవరికీ తెలియదు. నేను వాష్‌రూమ్‌లోకి వెళ్లి, కుళాయి తిప్పి, చాలాసేపు ముఖం కడుక్కున్నాను. ఏడ్చానని చెప్పడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

తర్వాతి సమీక్షలో పైవాళ్లు మమ్మల్ని మెచ్చుకున్నారు. నా నోట్ వల్ల రాబోయే నష్టం తప్పిందట. తప్పిన నష్టాల కింద లెక్కవేసిన ఖాతాల్లో ఆ అమ్మాయిదీ ఉంది. ఆమె నుంచి మాకు రావలసింది ఏమీ లేదు, ఆమె వల్ల పోయిందీ ఏమీ లేదు, అయినా ఆమె ఒక తప్పిన నష్టం. ఆ ఒక్కటీ తీసేయమన్నాను. "ఏక్ కేస్ సే క్యా ఫర్క్ పడ్తా హై" అన్నాడు మేనేజరు, ఒక్కదానితో తేడా ఏముంది అన్నట్టు. కేకు కోశారు. లెక్కల అమ్మాయి కేకు ముట్టలేదు. నా పక్కకు వచ్చి నిలబడి, అన్నేళ్లలో మొదటిసారి తెలుగులో, మాటలు వెతుక్కుంటూ, "అంకుల్, వాళ్లు మంచిగానే కట్టారు కదా?" అంది. అవునమ్మా అన్నాను. కొన్నాళ్లకు ఆమె ఆ ఉద్యోగం మానేసింది.

ఎప్పుడో ఒకరు పారిపోతారని నేను రాశాను కదా. ఎవరూ పారిపోలేదు. పారిపోయేవాళ్లను ఎన్నేళ్లు వెంటాడానో గానీ, నిలబడి ఉన్నవాళ్లు కనిపిస్తే గుర్తుపట్టడం కూడా మరిచిపోయాను.

రిటైరయ్యాక ఒకసారి ఓల్డ్ రాజిందర్ నగర్ వెళ్లాను. ఆమె అదే కౌంటర్ వెనక ఉంది. కోపంగా చూస్తుందనుకున్నాను. కూర్చోమంది, చాయ్ తెప్పించింది. నలుగురూ కలిసి ఉన్న ఆ గది ఇప్పుడు లేదట. తగాదా ఏమీ రాలేదు. ల్యాప్‌టాప్ లేక ఆన్‌లైన్ పాఠాలు తప్పిపోయి ఒకమ్మాయి ఆ ఏడు ఊరికి పోయింది. మిగతా ఇద్దరూ వేరే వేరే గదులు చూసుకున్నారు. "ఒకల్లనొకలం ఏదన్న అడగాలంటె మొహమాటమైంది సార్. ఇస్తె మళ్ల ఏమైతదో అని" అంది. బీఎడ్ మళ్లీ రాస్తావా అంటే, చూద్దాం సార్, అని ఊరుకుంది.

మేం మాట్లాడుతుండగా రీడింగ్ రూమ్‌లో చదివే ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని కౌంటర్ దగ్గరికి వచ్చింది. తెలుగు పిల్లే. పొద్దున ఆఫీసు, సాయంత్రం చదువు. కొత్తగా కార్డు వచ్చినట్టుంది.

"అక్కా, నా మొదటి బిల్లు వచ్చింది. డబ్బులున్నాయి, ఇప్పుడే కట్టెయ్యనా?"

"గడువు ఎప్పుడుంది?"

"ఇంకా చాలా రోజులుందక్కా."

"అయితే గప్పటిదాక ఆగు. ముందుగాల ఒక్క రూపాయి గూడ కట్టకు. నీ చేతిలున్నంత సేపే అవి నీ పైసలు."

ఆ పిల్ల సరేనని తలూపి లోపలికి వెళ్లింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను కుర్రకారుకు చెప్పింది ఒక్కటే, గడువు దాకా ఆగకండి, చేతిలో ఉన్నప్పుడే కట్టెయ్యండి అని. ఆమె నా వైపు తిరిగింది.

"తప్పు జెప్పిన్నా సార్?"

"లేదమ్మా" అన్నాను.